ఇల్లు ఖాళీ చేశారు సరే, లెక్క ఎవరు చెబుతారు?

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా పాలకొల్లు దగ్గర ఒక పల్లె గ్రంథాలయంలో విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగం. కోతల పనుల్లో ఉండి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. కోతల టైమండీ ఇది. మొంథా తుఫానుకి పడిపోయిన చేను ఎలా కోయించాలిరా దేవుడా అని తల పట్టుకున్నవాళ్లు ఈ హాల్లోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు నాకు. ఆ టెన్షన్‌లో కూడా మీరు వచ్చి కూర్చున్నారు. అందుకని మీ టైము వృథా చేయను. మనకి తగిలే సంగతే చెబుతాను.

నాకిచ్చిన అంశం ఏమిటంటే, ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు దిగిపోయిన నాయకుల మీద జనానికి వచ్చే కోపం. దీనికి నేను శ్రీలంక కథ తీసుకున్నాను. శ్రీలంకే ఎందుకంటారా? మనలాగే వరి పండించి, మనలాగే మూడు పూటలా అన్నం తినే దేశం అది. మనకి సార్వా, దాళ్వా ఉన్నట్టే వాళ్లకి మహా, యల అని రెండు పంటలు. మనకి కాలువలైతే వాళ్లకి పెద్ద పెద్ద చెరువులు. జనాభా రెండు కోట్ల ఇరవై లక్షలు, అంటే మన రాష్ట్రంలో సగం కూడా ఉండరు. అక్కడ జరిగింది మన చేలో జరిగినట్టే అర్థమవుతుంది మనకి. ఇక్కడి పార్టీల పేర్లు మాత్రం నేను ఎత్తను. ఎవరి పార్టీ వాళ్లది. వినండి, ఇంటికెళ్లాక మీరే ఆలోచించుకోండి.

ముందు ఆ కుటుంబం గురించి చెప్పాలి. రాజపక్స అన్నదమ్ములు. మహింద రాజపక్స 2005 నుంచి 2015 దాకా అధ్యక్షుడు. ఆయన హయాంలోనే, 2009 మేలో, అంతర్యుద్ధం ముగిసింది. అప్పుడు రక్షణ శాఖ కార్యదర్శి ఎవరు? తమ్ముడు గోటాబయ. ఆ గెలుపుతో సింహళ జనంలో చాలామందికి వాళ్లు దేవుళ్లైపోయారు. సొంత జిల్లా హంబన్‌తోటలో ఒక ఓడరేవు కట్టారు, దగ్గర్లోనే మత్తల దగ్గర ఒక విమానాశ్రయం కట్టారు. అంతా చైనా అప్పు. రెండింటికీ రాజపక్స పేరే పెట్టారు. ఆ విమానాశ్రయానికి విమానాలు రాలేదు. కొంతకాలం దాని గోదాముల్లో ధాన్యం నిల్వ చేశారండీ. ధాన్యం! మన దగ్గర రైతు కళ్లంలో బరకం కప్పుకుని ధాన్యానికి కాపలా పడుకుంటాడు. అక్కడ విమానాశ్రయంలో పోశారు. ఓడరేవునేమో 2017లో 99 ఏళ్లకి చైనా కంపెనీకి లీజుకిచ్చేశారు.

2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం రోజున చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి. రెండొందల అరవై మందికి పైగా చనిపోయారు. టూరిస్టులు రావడం ఆగిపోయింది. దేశం భయపడిపోయింది. గట్టి మనిషి కావాలనుకున్నారు. నవంబర్‌లో గోటాబయ గెలిచాడు. ఎన్ని ఓట్లు? 52 శాతం. మరుసటి ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో వాళ్ల పార్టీకి 225లో 145 సీట్లు. అన్న మహింద ప్రధానమంత్రి. పెద్దన్న చామల్ నీటిపారుదల మంత్రి. ఇంకో తమ్ముడు బాసిల్ 2021లో ఆర్థిక మంత్రి అయ్యాడు. మహింద కొడుకు నామల్ క్రీడల మంత్రి.

ఇప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాను. గోటాబయ గెలిచిన వెంటనే చేసిన పనేమిటో తెలుసా? పన్నులు తగ్గించాడు. వ్యాట్‌ని 15 శాతం నుంచి ఒక్కసారిగా 8 శాతానికి తెచ్చాడు. ఇంకొన్ని పన్నులు తీసేశాడు. ఎన్నికల్లో ఇచ్చిన మాట అది. జనం ఏమనుకుని ఉంటారు? మీరైతే ఏమనుకుంటారు? సంతోషపడతాం కదండీ! నేనూ సంతోషపడతాను. పన్ను తగ్గిందంటే బాధపడేవాడు ఎవడుంటాడు? కానీ ఖజానాకి రావాల్సిన డబ్బు రాదు. జీతాలివ్వాలి, పాత అప్పులకి వడ్డీ కట్టాలి. ఈలోగా కరోనా వచ్చిపడింది. టూరిజం సున్నా. రేటింగ్ సంస్థలు ఆ దేశం పరపతి తగ్గించేశాయి, బయట మార్కెట్లో అప్పు పుట్టలేదు. మరేం చేశారు? నోట్లు అచ్చేశారు. డాలర్లు కరిగిపోతుంటే రూపాయి విలువని డాలరుకి రెండొందల దగ్గర బలవంతంగా పట్టి ఉంచారు. గట్టు తెగుతుందని తెలిసి కూడా ఇసుక బస్తాలు అడ్డం వేసి కూర్చున్నట్టు.

ఇక యూరియా సంగతి. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఈ హాల్లో ఉన్నవాళ్లకి దీని గురించి నాకంటే ఎక్కువ తెలుసు.

2021 ఏప్రిల్ చివర్లో ప్రకటించారు, మే నుంచి అమల్లోకి వచ్చింది. రసాయన ఎరువుల దిగుమతి బంద్. దేశం మొత్తం సేంద్రియ వ్యవసాయానికి మారాలి. ఎరువులకి పోసే డాలర్లు మిగులుతాయన్నది లెక్క. చూడండి, నేను సేంద్రియానికి వ్యతిరేకిని కాను. నా అరెకరంలో జనుము చల్లి దున్నించి, పశువుల ఎరువు తోలించి చేస్తున్నాను. నేల కుదురుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆయన ఎన్నికల ప్రణాళికలో కూడా పదేళ్లలో మారతామనే ఉంది. పదేళ్లు! ఆ పదేళ్ల పనిని ఒక్క ఉత్తర్వుతో చేయబోయారు.

నాటిన మూడు వారాలకి పిలక కట్టే టైములో యూరియా పడకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. అడుగు ఆకు కొస నుంచి పసుపు తిరుగుతుంది. పదిహేను పిలకలు వేయాల్సిన దుబ్బు ఏడెనిమిదితో ఆగిపోతుంది. చిరుపొట్ట దశలో వేయకపోతే వెన్ను పొట్టిదైపోతుంది, తాలు ఎక్కువవుతుంది. ఇది శాస్త్రవేత్త చెప్పాలా? పదో తరగతి తప్పిన కుర్రాడు చెబుతాడు మన ఊళ్లో. అక్కడి రైతులు కూడా చెప్పారండీ. రోడ్ల మీదకి వచ్చి చెప్పారు, వ్యవసాయ మంత్రి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ప్రొఫెసర్లు ఉత్తరాలు రాశారు. ఎవరు విన్నారు?

మధ్యలో చైనా నుంచి ఓడలో సేంద్రియ ఎరువు తెప్పించారు. పరీక్ష చేస్తే అందులో హానికరమైన బ్యాక్టీరియా ఉందన్నారు. ఓడని తిప్పి పంపేశారు. గొడవ ముదిరి చివరికి ఆ కంపెనీకి 67 లక్షల డాలర్లు కట్టారు. ఒక్క బస్తా కూడా చేలో పడలేదు, డబ్బు మాత్రం పోయింది. నవంబర్‌లో నిషేధం సడలించారు. అప్పటికి చాలా చోట్ల మహా పంట నాట్లు అయిపోయాయి. బియ్యం విషయంలో దాదాపు ఎవరి మీదా ఆధారపడని దేశం బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. మిగులుతాయనుకున్న డాలర్లు బియ్యానికే పోయాయి.

పోయినేడాది ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ బౌద్ధ క్షేత్రాలు చూద్దామని అక్కడికి వెళ్లాం. అనురాధపురం చూసి పొలొన్నరువ వెళ్లాం. మా డ్రైవరు కొండ ప్రాంతం తమిళుడు. నేను మద్రాసులో చదువుకున్నాను కాబట్టి మాట కలిసింది. వరి చేలు చూసి నేను కారు ఆపించాను. వెన్ను పట్టుకుని చూస్తుంటే ఆ డ్రైవరు నవ్వి, మీరు గుళ్లు చూడడానికి వచ్చినవాళ్లలా లేరు, నాకు తెలిసిన రైతు ఉన్నాడు పదండి అని తీసుకెళ్లాడు.

అరవై దాటిన మనిషి. మూడెకరాలు. మేం కూడా వరి రైతులమేనని తెలిశాక లోపలికెళ్లి ఒక పుస్తకం తెచ్చాడు. మన దగ్గర కూడా పెద్దవాళ్లు రాస్తారే, విత్తనం ఎంత, కూలి ఎంత, బస్తాలు ఎన్ని అని, అలాంటి చిట్టా పుస్తకం. అక్షరాలు సింహళం, నాకు రావు. అంకెలు మాత్రం అర్థమవుతాయి కదా. ప్రతి పంటకీ ఒక పేజీ. నిండా రాసి ఉంది. 2021 మహా పంట పేజీ దగ్గరికి వచ్చేసరికి మూడే మూడు లైన్లు. ఎరువు దగ్గర ఒక గీత. దిగుబడి, ముందటి ఏడాది దాంట్లో సగం కూడా లేదు. ఆ పేజీ మీద ఆయన చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. తర్వాతి పంటకి బ్లాకులో ఎరువు కొన్నారట. అంతకుముందు పదిహేను వందలకి దొరికిన బస్తాకి పదుల వేలు పోశామని చెప్పాడు. ఎక్కడి నుంచి తెచ్చారు అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. వాళ్లావిడ తన మెడ మీద చెయ్యి పెట్టి చూపించింది. గొలుసు తాకట్టు పెట్టారు. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. భాష అక్కర్లేకపోయింది వాళ్లిద్దరికీ.

ఇలాంటి ఇళ్లు ఎన్ని? అప్పుడు గాని నాకు 2022లో టీవీలో చూసింది అర్థం కాలేదు.

2022 జనవరిలో, మందులకి డాలర్లు లేవని ఆసుపత్రులు మొత్తుకుంటున్న రోజుల్లో, 50 కోట్ల డాలర్ల బాండు అప్పు తీర్చారు. మార్చిలో పేపరు లేక కొలంబో వైపు బళ్లలో పరీక్షలు వాయిదా వేశారు. కరెంటు రోజుకి పదమూడు గంటల దాకా లేదు. పెట్రోలు బంకుల దగ్గర సైన్యాన్ని పెట్టారు. లైన్లో నిలబడి నిలబడి పెద్దవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏప్రిల్ 12న, బయటి అప్పులు ఇక కట్టలేమని చేతులెత్తేశారు. 1948లో స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఎప్పుడూ జరగని పని. మే నెలలో కొత్త ఆర్థిక మంత్రి పార్లమెంటులోనే చెప్పాడు, ఖర్చు పెట్టుకోవడానికి అయిదు కోట్ల డాలర్లు కూడా లేవని. డాలరు రెండొందల నుంచి మూడొందల అరవైకి పోయింది. సెప్టెంబర్ నాటికి ధరల పెరుగుదల దాదాపు 70 శాతం.

మన దేశం ఆ ఏడాది దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. డీజిల్, బియ్యం, మందులు. యూరియా కూడా ఇచ్చామండీ, అయిదున్నర కోట్ల డాలర్ల అప్పు కింద 65 వేల టన్నుల యూరియాకి ఒప్పందం చేసుకున్నాం. మొన్న 2025 ఖరీఫ్‌లో మన రాష్ట్రంలో యూరియా కోసం పాస్‌బుక్కులు, చెప్పులు లైన్లో పెట్టిన చోట్లు చూశాం. ఒక్క నెల ఆలస్యమైతేనే మనం ఎంత అల్లాడామో గుర్తుంది కదా? అక్కడ అసలు దొరకనే లేదు.

జనం కదిలారు. మార్చి 31 రాత్రి గోటాబయ ఇంటి ముందు. ఏప్రిల్ 9 నుంచి కొలంబో సముద్రం ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు. దాన్ని వాళ్లు అరగలయ అన్నారు, పోరాటం అని అర్థం. అక్కడ వంటశాల పెట్టారు, ప్రథమ చికిత్స గుడారం పెట్టారు, చెప్తే మీరు సంతోషిస్తారు, ఒక గ్రంథాలయం కూడా పెట్టారు. మే 9న పాలకపక్షం మనుషులు కర్రలతో వచ్చి వాళ్లని కొట్టారు. అంతే, అదే రోజు మహింద రాజీనామా చేశాడు, అదే రాత్రి ఎంపీల ఇళ్లు తగలబడ్డాయి. ఒక ఎంపీని చంపేశారు. జూలై 9న అధ్యక్ష భవనంలోకి జనం వెళ్లిపోయారు. ఈత కొలనులో కుర్రాళ్లు దూకడం మీరందరూ ఫోన్లలో చూశారు. మీరు చూడనిది ఒకటి చెబుతాను. ఆ భవనంలో వాళ్లకి కోటీ 78 లక్షల రూపాయల నగదు దొరికింది. ఏం చేశారు? లెక్కపెట్టి పోలీసులకి అప్పజెప్పారు! పాలపొడి కొనుక్కోలేని రోజుల్లో ఉన్న జనం.

అదే రోజు రాత్రి ఇంకో పని కూడా జరిగింది. అప్పటి ప్రధాని రణిల్ విక్రమసింఘే సొంత ఇల్లు తగలబెట్టారు. అందులో ఆయన గ్రంథాలయం ఉంది. వేల పుస్తకాలు. బూడిదైపోయాయి. 1981లో యాళ్పాణం, అదే జాఫ్నా, గ్రంథాలయాన్ని తగలబెట్టినప్పుడు తాళపత్రాలతో సహా పోయిన దేశం అది. గ్రంథాలయంలో నిలబడి చెబుతున్నాను కదా, ఈ మాట చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తోంది. కోపం న్యాయమైనదే. ఆ మంట వల్ల రైతు పుస్తకంలో ఒక్క బస్తా అయినా పెరిగిందా? పుస్తకాలేం చేశాయి?

గోటాబయ జూలై 13న వైమానిక దళం విమానంలో మాల్దీవులు, అక్కడి నుంచి సింగపూర్. రాజీనామా ఈమెయిల్‌లో పంపాడు. సెప్టెంబర్ 2న తిరిగొచ్చేశాడు. వస్తే మంత్రులు పూలతో ఎదురెళ్లారు. మాజీ అధ్యక్షుడు కాబట్టి ప్రభుత్వ బంగళా, భద్రత. అప్పటికి చట్టంలో ఉంది మరి, 1986 నాటి చట్టం. ఇక్కడండీ అసలు కోపం. జనానికి పెట్రోలు క్యూఆర్ కోడ్ మీద ఇస్తున్న రోజులవి, మోటారు సైకిలుకి వారానికి నాలుగు లీటర్లు. కరెంటు బిల్లు ఆగస్టులో 75 శాతం పెరిగింది, తర్వాతి ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం పెరిగింది. ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి, అప్పు వచ్చింది, దాంతో షరతులు వచ్చాయి, 8 శాతం చేసిన వ్యాట్ ఇప్పుడు 18 శాతం. తగ్గించినవాడికి బంగళా ఇచ్చారు. పెరిగింది ఎవరు కడుతున్నారు? ఆ పొలొన్నరువ రైతు కడుతున్నాడు. మాజీల మీద కోపాన్ని కొందరు అసూయ అంటారు, ఓడిపోయినవాడిని రాళ్లతో కొట్టడమంటారు. కాదండీ. ఆయన మాజీ అయ్యాడు గాని ఆయన చేసిన అప్పు మాజీ కాలేదు.

మరి లెక్క చెప్పించినవాళ్లు ఎవరు? ఇది చాలామందికి తెలియదు. 2022లోనే కొందరు సుప్రీంకోర్టుకి వెళ్లారు. వాళ్లలో ఒకాయన జూలియన్ బోలింగ్, ఒలింపిక్స్‌లో ఈత కొట్టిన మనిషి. ఒక అవినీతి వ్యతిరేక సంస్థ, ఇంకో ఇద్దరు పౌరులు. పన్నులు ఎందుకు తగ్గించారు, రూపాయిని ఎందుకు పట్టి ఉంచారు, ఐఎంఎఫ్ దగ్గరికి ఎందుకు ఆలస్యంగా వెళ్లారు అని కాగితాలు ముందు పెట్టి అడిగారు. 2023 నవంబర్ 14న తీర్పు వచ్చింది. మన గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే రోజే. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఒక మాట మీదున్నారు. గోటాబయ, మహింద, బాసిల్, కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్లు ఇద్దరు, ఆర్థిక శాఖ పెద్ద అధికారులు, వీళ్లంతా జనం నమ్మకాన్ని వమ్ము చేశారన్నారు. అధికారుల పేర్లు కూడా ఉన్నాయి, గమనించారా? మనం ఎప్పుడూ ముందు కనిపించే మొహాన్నే తిడతాం. ఫైలు మీద సంతకాలు చాలా ఉంటాయి.

శిక్ష ఏమిటంటారా? పిటిషన్ వేసినవాళ్లకి ఖర్చుల కింద లక్షన్నర ఇవ్వమన్నారు. అంతే. వాళ్లు నష్టపరిహారం అడగలేదు కాబట్టి కోర్టు ఇవ్వలేదు. అదే కోర్టు అదే ఏడాది జనవరిలో, ఈస్టర్ బాంబుల హెచ్చరికల్ని పట్టించుకోలేదని ఇంకో మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేనని సొంత డబ్బులోంచి పది కోట్లు బాధితులకి కట్టమంది. కట్టించగలరు మరి, కావాలంటే.

ఓటు సంగతి కూడా చెప్పేస్తాను. 2024 సెప్టెంబర్ అధ్యక్ష ఎన్నికల్లో నామల్ రాజపక్సకి వచ్చినవి రెండున్నర శాతం. నవంబర్‌లో పార్లమెంటు ఎన్నికల్లో 145 సీట్ల పార్టీ 3 సీట్లకి వచ్చింది. అధ్యక్షుడిగా గెలిచిన అనుర కుమార దిసానాయకే కూటమి, అంతకుముందు 3 సీట్లున్నది, 159కి వెళ్లింది. 2025 సెప్టెంబర్‌లో మాజీ అధ్యక్షుల బంగళాలు, కార్లు, అలవెన్సులు రద్దు చేస్తూ చట్టం చేశారు. అనుకూలంగా 151, వ్యతిరేకంగా ఒక్క ఓటు. మరునాడే మహింద కొలంబో బంగళా ఖాళీ చేసి సొంతూరు వైపు వెళ్లిపోయాడు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. 2011 ఖరీఫ్ గుర్తుందా? కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గోదావరి నీళ్లు కాలువలో పారుతుంటే చేలు బీడు పెట్టారు. గిట్టుబాటు లేదు, కూలి పెరిగింది, మురుగు కాలువలు పూడిపోయి ముంపు. కారణాలు తేల్చమని మోహన్ కందా కమిటీ వేశారు. ఆ నివేదిక చదివినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. ఒక్కరూ లేరు. తప్పు పట్టడం లేదండీ, నేనూ ఇన్నేళ్లూ చదవలేదు. ప్రభుత్వాలు మారాయి. దిగిపోయిన ప్రతివాళ్లనీ తిట్టాం, అరుగుల మీద, టీ కొట్ల దగ్గర తెగ తిట్టాం. ఫలానా సిఫారసు ఏమైంది, ఎవరి దగ్గర ఆగింది అని కుర్చీలో ఉన్నవాణ్ణి ఎవరమైనా కాగితం మీద అడిగామా? 2022 జూన్‌లో, కొలంబో అట్టుడుకుతున్న ఆ రోజుల్లోనే, కోనసీమలో మళ్లీ పంట విరామం మాట లేచింది. అవే కారణాలు. నిన్నటి తుఫానుకి ఈ ఊళ్లో చేలు అన్ని రోజులు నీళ్లలో ఎందుకున్నాయి బాబాయ్, మీరు చెప్పండి. ఆ, మురుగు కాలువే.

కార్యదర్శి గారిని అడుగుతున్నాను, ఆ నివేదిక కాపీ ఒకటి ఈ గ్రంథాలయంలో పెట్టండి. జిరాక్సు ఖర్చు నాది. వచ్చే ఆదివారం నుంచి వారానికి ఒక గంట కూర్చుని చదువుదాం. చదవడం రానివాళ్లకి నేను చదివి వినిపిస్తాను. చదివాక మురుగు కాలువ మీద అర్జీ రాద్దాం, సమాచార హక్కు కింద అడుగుదాం. ఇప్పుడున్నవాళ్లనే అడుగుదాం, వాళ్లు మాజీలయ్యేదాకా ఆగొద్దు.

మహింద ఇల్లు ఖాళీ చేసిన వార్త పేపర్లో చూసి ఆ డ్రైవరుకి ఫోన్ చేశాను. మీ ఊరి రైతు సంతోషపడ్డాడా అని అడిగాను. రెండు రోజులాగి ఆయనే చేశాడు, వెళ్లి అడిగొచ్చాడట. టీవీలో సామాను లారీ ఎక్కిస్తుంటే ఇద్దరూ చూశారట, మంచి పనే జరిగింది అన్నారట. గొలుసు విడిపించారా అన్నాను. లేదండీ, ఇంకా వడ్డీయే కడుతున్నారు అన్నాడు.

ఇంక చాలు, చీకటి పడుతోంది. ప్రశ్నలుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.